ఎవరికి వచ్చింది అన్న గడి: ఒక మహిళా హక్కుల కార్యకర్త రక్షణ కేసు

ఈ కేసులో పేరు, దేశం, ఊరు, సంవత్సరాలు తీసేశాను. పని వివరాల్లో కొన్నింటిని కావాలనే మార్చాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను. ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆమే చెప్పారు.

నా పని హక్కుల కార్యకర్తలకు రక్షణ సలహా ఇవ్వడం. బెదిరింపు ఎటు నుంచి వస్తోంది, అందులో ఎంత నిజముంది, పని ఆగకుండా మనిషి ఎలా నిలబడాలి అన్నవి వాళ్లతో కూర్చుని తేల్చుకోవడం. ఇలాంటివి చాలా వస్తాయి. దీన్నే రాయడానికి కారణం, మా రంగంలో మొదట చేతికందే మూడు సాధనాలనూ ఇక్కడ వరసపెట్టి వాడాం. ఏది ఎంతవరకు పనికొచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది విడివిడిగా కనిపించింది.

నేపథ్యం

ఆమెకు నలభై దాటాయి. ఒకప్పుడు టీచరు. ఉద్యోగం మానేశాక రెండు పనులు పెట్టుకున్నారు. ఒకటి, పోలీసులు తీసుకెళ్లినవాళ్ల కుటుంబాలను కలిసి వివరాలు రాసుకోవడం: ఏ వేళప్పుడు తీసుకెళ్లారు, ఎవరు చూశారు, కోర్టులో ఎప్పుడు హాజరుపరిచారు, ఒంటిమీద దెబ్బలున్నాయా. రెండోది ఓటర్ల జాబితాల తనిఖీ. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్లకు ఆమె ఒకటే చెప్పేవారు: ఓటు లేనివాణ్ణి తీసుకెళ్తే అడగడానికి ఏ నాయకుడూ స్టేషన్‌కు రాడు.

జాబితా తనిఖీ గురించి కాస్త చెప్పాలి, తర్వాత జరిగినదానికి మూలం అక్కడే ఉంది. తనిఖీ రెండు వైపుల నుంచీ జరగాలి. జాబితాలోంచి లాటరీ పద్ధతిలో కొన్ని పేర్లు తీసి ఆ చిరునామాలకు వెళ్తే చనిపోయినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, అసలు లేనివాళ్లు బయటపడతారు. ఇళ్ల వైపు నుంచి మనుషుల్ని ఎంచి వాళ్ల పేరు జాబితాలో ఉందా అని వెతికితే తీసేసిన పేర్లు బయటపడతాయి. మొదటిది ఒక్కటే చేస్తే దొంగ ఓట్లున్నాయనే పార్టీకి, రెండోది ఒక్కటే చేస్తే ఓట్లు తీసేశారనే పార్టీకి ఉపయోగం. ఆమె బృందం రెండూ చేసి, రెండు ఫలితాలూ పక్కపక్కన అచ్చువేసేది. దాంతో అన్ని పక్షాలకూ ఆమె మీద కోపమే. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 25వ అధికరణ ప్రతి పౌరుడికీ అసమంజసమైన ఆంక్షలు లేకుండా ఓటు వేసే హక్కు ఇస్తుంది. ఆమె చేసేది ఆ వాక్యం తమ వీధిలో అమలవుతోందా లేదా అని ఇల్లిల్లూ తిరిగి చూడడమే.

బృందంలో దాదాపు అందరూ ఆడవాళ్లు. జీతం తీసుకునేవాళ్లు తక్కువ, వీలు చూసుకుని వచ్చి పనిచేసేవాళ్లు ఎక్కువ. అధ్యక్షురాలు ఆమె. చెక్కు మీద సంతకం ఆమెది. టీవీలో మాట్లాడేది ఆమె. నిధులిచ్చేవాళ్లు ఫోన్ చేసేది ఆమెకే. వాంగ్మూలాలన్నీ ఆమె ల్యాప్‌టాప్‌లోనే. ఇది గొప్ప కోసం చేసింది కాదు. మొదట్లో ఇంకెవరూ లేరు గనక అన్నీ ఆమె చేతిమీదుగా సాగాయి, తర్వాత మార్చడానికి తీరిక దొరకలేదు. చిన్న సంస్థలన్నిట్లో ఇదే తంతు.

వచ్చిన సమస్య

స్థానిక ఎన్నికల ముందు వాళ్లు ఒక నివేదిక ప్రచురించారు. కొన్ని వార్డుల్లో ఒక మైనారిటీ వర్గంవాళ్ల పేర్లు మిగతావాళ్లవాటికంటే ఎక్కువగా జాబితాలోంచి పోయాయని అందులో ఉంది. కొన్ని వారాలకే, ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్న కోర్టుల్లో పరువు నష్టం ఫిర్యాదులు పడ్డాయి. ఫిర్యాది ఒక్కోచోట ఒక్కొక్కరు. ఆన్‌లైన్‌లో తిట్లు మొదలయ్యాయి. ఆ తర్వాత మార్ఫింగ్ ఫొటోలు వచ్చాయి.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె అడిగింది మాత్రం ఇవేవీ కాదు. తన ఫోన్లు రెండూ టేబుల్ మీద పెట్టి, "వీటిలో ఎవరో కూర్చున్నారు. ముందు వాళ్లను తీసేయండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు.

చెప్పుకున్న సమస్య, అసలు సమస్య ఒకటే కాకపోవచ్చు. అలాగని చెప్పుకున్నదాన్ని పక్కన పెట్టకూడదు. నిద్రపట్టని మనిషికి మనం వేరే పాఠం మొదలుపెడితే అది చెవికెక్కదు. అందుకని ఫోన్లు చూపిద్దామని ఒప్పుకుంటూనే ఒక కాగితం ఇచ్చాను. మా రంగంలో అందరం వాడే లెక్క ఒకటుంది: బెదిరింపును బలహీనతతో గుణించి, తట్టుకునే శక్తితో భాగిస్తే ప్రమాదం. బెదిరించేవాణ్ణి మనం మార్చలేం. మన చేతిలో ఉన్నవి మిగతా రెండే. అవి తెలియాలంటే జరిగినవన్నీ వరసగా రాయాలి: తేదీ, ఏం జరిగింది, ఎలా వచ్చింది, ఎవరికి వచ్చింది.

ఆ చివరి గడిలో 'నాకు' అన్న మాట చాలా అరుదుగా ఉంది. ఫోన్ వెళ్లింది భర్త మేనేజరుకు. ఫొటోలు వచ్చింది అత్తవారి వైపు బంధువుల వాట్సాప్ గ్రూపుకు. ఇద్దరు మనుషులు వచ్చి మాట్లాడి వెళ్లింది ఇంటి యజమానితో. కూతుర్ని క్లాసులో ఎవరో ఏదో అడిగారు. ఆమె నేరుగా అందుకున్నవి కోర్టు సమన్లు, ఆన్‌లైన్ తిట్లు మాత్రమే. ఆ కాగితం విలువ ఆ రోజే కొంత అర్థమైంది. పూర్తిగా వాడుకున్నది మాత్రం తర్వాతే, ఎందుకంటే ముందు అత్యవసరమైనవి వరసలో నిలబడ్డాయి.

మొదట వాడిన మూడు సాధనాలు

ఫోన్ల విషయం త్వరగా చెప్పేస్తాను. తెలిసిన సాంకేతిక నిపుణుడు పరీక్షించాడు. నిఘా సాఫ్ట్‌వేర్ జాడలేవీ కనపడలేదు. పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌తో కార్యకర్తల, పాత్రికేయుల ఫోన్లలోకి చొరబడ్డారని 2021 జూలైలో కథనాలు వచ్చాక ఈ భయాన్ని ఎవరూ అనుమానం జబ్బుగా కొట్టిపారేయడానికి లేదు. జాడ దొరకనంత మాత్రాన లేదని తేల్చేయడానికీ లేదు. రెండంచెల ధృవీకరణ పెట్టాం. బ్యాకప్‌లకు తాళం వేశాం. సందేశాలు వాటంతటవే చెరిగిపోయేలా అమర్చాం. వాంగ్మూలాలను ల్యాప్‌టాప్ నుంచి తీసి ఎన్‌క్రిప్ట్ చేసి వేరేచోట దాచాం. ఇవన్నీ ఇప్పటికీ అలాగే ఉన్నాయి, మంచివే. కానీ మార్ఫింగ్‌కు వాడిన ముఖం ఏ ఫోన్‌లోంచీ దొంగిలించింది కాదు. బంధువు ఒకాయన అందరికీ కనిపించేలా పెట్టిన కుటుంబ ఫొటోల్లోంచి తీసుకున్నది. ఆమె ఫోన్ ఎంత గట్టిగా బిగించినా ఆ దారి తెరిచే ఉంది.

రెండోది ప్రచారం. అంతర్జాతీయ సంస్థలు ఆమె పేరుతో ప్రకటన ఇచ్చేలా చూశాం. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల రక్షకుల ప్రత్యేక ప్రతినిధికి వివరాలు పంపాం. ఈ పదవి 2000లో ఏర్పడింది. పాకిస్తాన్ న్యాయవాది హీనా జిలానీ మొదటి ప్రతినిధి. ఆ కార్యాలయం ప్రభుత్వానికి లేఖ రాస్తుంది, మామూలుగా 60 రోజుల తర్వాత ఆ లేఖ బయటపెడతారు. దీని వెనక ఉన్న తర్కం సూటిగానే ఉంటుంది. హక్కుల రక్షకుల ప్రకటనను ఐరాస సర్వసభ్య సభ 1998 డిసెంబర్ 9న ఆమోదించింది, మహిళా రక్షకుల కోసం ప్రత్యేకంగా 2013లో తీర్మానం చేసింది. వీటికి చట్టంలా కట్టిపడేసే బలం లేదు. అయినా బయటి ప్రపంచంలో పేరు పోతుందన్న జంకు ఉన్న ప్రభుత్వం కాస్త వెనక్కి తగ్గుతుంది.

ఇక్కడ తగ్గలేదు. బహిరంగ ప్రకటన వచ్చిన వారంలోనే స్థానిక చానెళ్లు ఆమెను విదేశీ ఏజెంటుగా చిత్రించాయి. బృందంలో కొందరి ఇళ్లలో "ఇంక ఆ పనికి వెళ్లొద్దు" అన్నారు. ఎందుకిలా అయింది? ప్రకటన ఒత్తిడి వెళ్లింది రాజధానిలోని విదేశాంగ శాఖ మీదికి. ఆమెను వేధించేది స్థానిక నాయకుడు, అతని అనుచరులు. పరాయి దేశం విమర్శిస్తే అతనికి నష్టం లేదు సరికదా నాలుగు ఓట్లు ఎక్కువ పడతాయి. ఒత్తిడి ఎవరి జేబుకు చిల్లు పెడుతుందో చూసుకోకుండా ప్రచారం మొదలుపెడితే దాని ఖర్చు కార్యకర్త మీదే పడుతుంది. హోండురాస్‌లో పర్యావరణ, ఆదివాసీ హక్కుల కార్యకర్త బెర్తా కాసెరెస్‌కు అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ 2009లోనే రక్షణ చర్యలు ఆదేశించింది. 2015లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతితో ప్రపంచమంతా తెలిసింది. 2016 మార్చి 2న ఆమెను సొంత ఇంట్లోనే కాల్చి చంపారు. పేరుప్రఖ్యాతులు ఏ మాత్రం అడ్డురాని హంతకులు ఉంటారు.

దీనిలో ఒక ముక్క మాత్రం పనిచేసింది. చప్పుడు లేకుండా వెళ్లిన ఐరాస లేఖ. దానికి జవాబివ్వాలి గనక విదేశాంగ శాఖ జిల్లా పోలీసుల్ని నివేదిక అడిగింది. ఆ నివేదికలో పోలీసులు ఆమె ఇచ్చిన ఫిర్యాదులు అందాయని ఒప్పుకున్నారు. అంతకుముందు అసలు అందలేదనేవారు. ఆ కాగితం తర్వాత లాయరుకు బాగా ఉపయోగపడింది.

మూడోది, కొన్నాళ్లు దేశం దాటించడం. ఒక రాత్రి గేటు దగ్గర ఎవరో చాలాసేపు నిలబడి వెళ్లాక ఈ నిర్ణయం జరిగింది. ఇందుకు కార్యక్రమాలున్నాయి. 2012లో హేగ్‌లో మొదలైన షెల్టర్ సిటీ లాంటివాటిలో మామూలుగా మూడు నెలలు ఉంచుతారు. ఆ రాత్రి మా దగ్గరున్న సమాచారాన్ని బట్టి అది సరైన నిర్ణయమే. ప్రాణానికి ముప్పు ఉందో లేదో తేలనప్పుడు ఉందనే అనుకోవాలి. ఆమె వెళ్లారు. చాలాకాలం తర్వాత కంటినిండా నిద్రపోయానన్నారు.

ఆమె లేని సమయంలో ఇక్కడ ఏమైందో చూడండి. రెండు కోర్టుల్లో హాజరు కాలేదని నాన్ బెయిలబుల్ వారెంట్లు వచ్చాయి. చెక్కులు ఆగాయి. కొడుకును తీసుకెళ్లారని ఫోన్ చేసే తల్లికి ఆమె నంబరు తప్ప వేరే నంబరు తెలియదు, అది స్విచాఫ్. "పారిపోయింది" అన్న ప్రచారం మొదలైంది. అక్కడ ఆమె పరిస్థితి ఇంకో రకం. ఆ ఏర్పాటంతా ఒంటరి మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసింది. పిల్ల చదువు, అత్తగారి మందులు, ఇంటి అద్దె అన్నీ ఆమె వీడియో కాల్‌లోనే నడిపారు. గడువు పూర్తికాకముందే తిరిగొచ్చేశారు. ఇలాంటి కార్యక్రమాల్లో ఆడవాళ్లు మధ్యలో తిరిగి వస్తే దాన్ని మనోధైర్యం లేకపోవడంగా రాసుకునే అధికారుల్ని చూశాను. ఇల్లు ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న వాళ్ల దరఖాస్తులో ఉండదు.

ఎదుటివాడి వైపు నుంచి లెక్క

ఆమె తిరిగొచ్చాక మళ్లీ ఆ కాగితం తీశాం. ఈసారి ఎదుటివాడి కుర్చీలో కూర్చుని చదివాం. ఈ పని ఆపడానికి అతనికి ఎంత ఖర్చవుతుంది? ఒక మనిషి నోరు మూయిస్తే నివేదికలు ఆగుతాయి, కుటుంబాల ఫోన్లు ఆగుతాయి, డబ్బు ఆగుతుంది. ఆ ఒక్క మనిషి నోరు మూయించడానికి ఆమెను తాకనక్కర్లేదు. భర్త ఆఫీసుకు ఒక ఫోన్, బంధువుల గ్రూపులో నాలుగు ఫొటోలు చాలు. ఇంట్లోవాళ్లే మిగతా పని చేసిపెడతారని అతని నమ్మకం. రాజకీయంగా ఎదురొచ్చే మగవాడి మీద కేసులు పెడతారు, కొడతారు. ఆడమనిషి మీద వాటితోపాటు ఇంటినీ ఉసిగొల్పుతారు.

ఈ లెక్క తేలాక పని రెండు ముక్కలైంది: ఇంట్లోకి వచ్చే దారి మూయడం, ఆమె ఒక్కరి మీదే ఆధారపడ్డవాటిని విడదీయడం.

రెండోది చెప్పగానే ఆమె ఒప్పుకోలేదు. కోపం వచ్చింది కూడా. "నన్ను నేనే చెరిపేసుకోమంటున్నారా? వాళ్లకు కావలసిందీ అదేగా. ఇన్నేళ్లూ ఆడదానివి నీకెందుకు, వెనక్కి వెళ్లు అన్నారు. ఇప్పుడు మీరూ అదే అంటున్నారు." ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రక్షణ పేరుతో ఆడవాళ్లను మాట్లాడొద్దనడం మా రంగంలో జరుగుతూనే ఉంది. నేను ఆమె ముందు పెట్టింది అర్జెంటీనా తల్లుల సంగతి. 1977 ఏప్రిల్ 30న బ్యూనస్ ఎయిరిస్‌లోని ప్లాసా దె మాయోలో మాయమైన పిల్లల కోసం తల్లులు నిలబడడం మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో వాళ్లను కూడగట్టిన అసుసేనా వియాఫ్లోర్‌ను, మరో ఇద్దరు తల్లుల్ని సైనిక పాలకులు ఎత్తుకుపోయారు. వాళ్ల అవశేషాలను గుర్తించింది 2005లో. ముందున్నవాళ్లను తీసేస్తే ఆగిపోతుందనుకున్నారు. ఆగలేదు. అడిగే హక్కు ఒకరికి అప్పజెప్పింది కాదు, అక్కడ నిలబడ్డ ప్రతి తల్లిదీ.

ఆమె ఆలోచించి షరతులు పెట్టారు. తన పేరు ఎక్కడా దాచకూడదు. కస్టడీ కేసుల వాంగ్మూలాలు రాయడం తన చేతిలోనే ఉండాలి, కాకపోతే పక్కన ఇంకొకరు కూర్చుని నేర్చుకుంటారు. మాట్లాడడం మానరు, కానీ ప్రతిసారీ ఒక్కరే మాట్లాడరు. ఇవి నా ప్రణాళిక కంటే మెరుగ్గా ఉన్నాయి.

పనిచేసినవి

ముందు ఇల్లు. ఫొటోల విషయంలో మూడు దారులున్నాయి: పట్టించుకోకుండా వదిలేయడం, పోలీసు ఫిర్యాదు ఇచ్చి ఊరుకోవడం, మిగతా బంధువులకు చేరకముందే మనమే చెప్పడం. అజర్‌బైజాన్ పాత్రికేయురాలు ఖదీజా ఇస్మాయిలోవాను 2012లో రహస్య కెమెరా చిత్రాలతో బెదిరించినప్పుడు ఆమె ఆ బెదిరింపునే బహిరంగంగా బయటపెట్టారు. వీడియో వాళ్లెలాగూ వదిలారు, ఆమె మాత్రం పని మానలేదు. ఆ బెదిరింపుల మీద ప్రభుత్వం సరిగా దర్యాప్తు చేయలేదని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2019లో తీర్పు చెప్పింది. బ్లాక్‌మెయిల్‌కు బలం రహస్యంలోనే ఉంటుంది.

అయితే ఈ దారి అందరికీ చెప్పను. ఇల్లే ప్రమాదమైన చోటు ఉంటుంది. 1999లో లాహోర్‌లో విడాకులు కోరిన సామియా సర్వర్‌ను సొంతవాళ్లే మనిషిని వెంటబెట్టుకొచ్చి హీనా జిలానీ ఆఫీసులోనే చంపించారు. ఆ మనిషిని వెంట తెచ్చింది కన్నతల్లి. అందుకని ముందు ఆమెతో ఒంటరిగా కూర్చుని అడగాల్సినవన్నీ అడిగాను: ఇంట్లో ఎప్పుడైనా చేయి చేసుకున్నారా, ఎవరు ఎవరి మాట వింటారు, గొడవైతే ఆ రాత్రి ఎక్కడికి వెళ్తారు, పిల్ల కాగితాలు ఎక్కడున్నాయి. అన్నిటికీ నిదానంగా, తడుముకోకుండా జవాబులొచ్చాయి. ఎవరికి ముందు చెప్పాలో వరస ఆమే నిర్ణయించారు. భర్తకు అప్పటికే తెలుసు. తర్వాత అత్తగారు. ఆ తర్వాత కూతురు, ఆ వయసుకు ఎంత చెప్పాలో అంతే. మరిది చివర.

అత్తగారికి చెప్పేటప్పుడు నన్నూ రమ్మన్నారు. ఫొటో ప్రింటు తీసి, మెడ కింద భాగమంతా తెల్లకాగితం అంటించి కప్పేశారు. పక్కన అసలు ఫొటో పెట్టారు. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని రెండూ మార్చి మార్చి చూశారు. కోడలి ముఖం వైపు కాదు, ఆ ముఖం పక్కన అంచులో మిగిలిపోయిన ఒక సన్నని నీలి రంగు ముక్క వైపు వేలు పెట్టి, "ఇది నా భుజం కదే. ఆ రోజు నేను నీ పక్కనే నిలబడ్డాను. నన్ను కోసేసి నిన్ను పట్టుకుపోయారు వెధవలు" అన్నారు.

ఆ తర్వాత మేం తయారుచేసుకున్న మాటలు ఏవీ అవసరం రాలేదు. బంధువుల్లో ఎవరు ఆ ఫొటో ఎత్తినా ఆవిడే అందుకునేవారు: ముఖం నా కోడలిది, పక్కన భుజం నాది, మిగతాది చేసినవాడిది. ఇంటి పెద్ద నోటినుంచి వచ్చేసరికి గ్రూపులో మాట్లాడేవాళ్లు తగ్గారు. పోలీసు ఫిర్యాదులో ఆవిడ వాంగ్మూలం కూడా చేర్చాం. సమ్మతి లేకుండా అంతరంగ చిత్రాలు పంచడాన్ని ఆపడానికి 2021 డిసెంబర్‌లో మొదలైన స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఆన్‌లైన్ సేవను కూడా వాడాం. చిత్రం మన ఫోన్ దాటకుండా దాని డిజిటల్ గుర్తును మాత్రమే తీసుకుని, అందులో చేరిన సామాజిక మాధ్యమ కంపెనీలకు ఇస్తుంది. వాళ్ల వేదికల మీద అదే చిత్రం మళ్లీ ఎక్కకుండా ఆపడానికి అది ఉపయోగం. ప్రైవేటు గ్రూపుల్లో చేతులు మారేదాన్ని అది ఆపలేదు. అక్కడ ఆపింది అత్తగారే.

భర్త మేనేజరు దగ్గరికి ఆమె వెళ్లలేదు, భర్తే వెళ్లారు. ఇలాంటి ఫోన్లు మళ్లీ రావచ్చని, వస్తే నంబరు, సమయం రాసిపెట్టమని అడిగారు. వేడుకోవడం కంటే చిన్న పని అప్పజెప్పడం మంచిదని నా అనుభవం. ఆయన నిజంగానే రాసిపెట్టాడు. ఇంటి యజమానితో అలా కుదరలేదు, ఇల్లు మారారు.

తర్వాత సంతకం. నివేదికల మీద ఇప్పుడు తనిఖీ చేసినవాళ్లందరి సంతకాలూ ఉంటాయి. బ్యాంకు ఖాతా ముగ్గురి పేర్ల మీద, ఏ ఇద్దరు సంతకం పెట్టినా నడుస్తుంది. పత్రికలతో మాట్లాడే బాధ్యత వంతులవారీ. ఇదంతా కాగితం మీద బాగానే ఉంది. నిజంగా నడుస్తుందా అని చూడడానికి ఆమె ఒక వారం ఫోన్ ఆపేసి ఇంట్లో కూర్చున్నారు. బృందం ఆమె లేకుండా ఒక చిన్న నివేదిక విడుదల చేయాలి. ఏ శిక్షణ తరగతీ చెప్పనన్ని సంగతులు ఆ వారం చెప్పింది. వెబ్‌సైటు పాస్‌వర్డ్ పాత వలంటీరు ఒకరి దగ్గరుంది, ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఏ కుటుంబానికి ఎవరి ద్వారా కబురు పంపాలన్నది అధ్యక్షురాలి తలలోనే ఉంది, ఎక్కడా రాసిలేదు. ఒక అధికారి ఇంకెవరు ఫోన్ చేసినా ఎత్తడు. నివేదిక ఆలస్యంగానే అయినా బయటికొచ్చింది. ఆ తర్వాత దొరికిన లొసుగులు ఒక్కొక్కటీ సరిచేసుకున్నారు.

కోర్టులు. మాల్టా పాత్రికేయురాలు డాఫ్నీ కరువానా గలీజియాను 2017 అక్టోబర్ 16న కారు బాంబుతో చంపేనాటికి ఆమె మీద నలభైకి పైగా పరువు నష్టం దావాలున్నాయి. నోరు నొక్కడానికి వేసే ఇలాంటి దావాలను మొదట్లోనే కొట్టేయించుకునే వీలు యూరోపియన్ యూనియన్ 2024 నాటి ఆదేశంలో ఉంది. ఈ కార్యకర్త ఉన్నచోట అలాంటి చట్టం లేదు. లాయరు చేసిందల్లా ఫిర్యాదులన్నీ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక గీయడం. ఒకరికొకరు తెలియదంటున్న ఫిర్యాదుల్లో పేరాలకు పేరాలు ఒకటే. ఒకచోట పడ్డ అచ్చుతప్పు కూడా మిగతావాటిలో అలాగే ఉంది. ఆ పట్టికతో పైకోర్టులో బదిలీ పిటిషన్ వేస్తే చాలా కేసులు ఒకే కోర్టుకు వచ్చాయి. వారెంట్లు రద్దయ్యాయి. వాయిదాల కోసం ఊళ్లు తిరగడం తప్పింది.

విచారణకు పరిశీలకుల్ని కూర్చోబెట్టాలనుకున్నాం. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 14వ అధికరణ బహిరంగ విచారణ హక్కు ఇస్తుంది. 1998 నాటి హక్కుల రక్షకుల ప్రకటన 9వ అధికరణ విచారణలకు వెళ్లి న్యాయంగా జరుగుతున్నాయో లేదో చూసే హక్కు ఇస్తుంది. రాయబార కార్యాలయాలవాళ్లు వస్తామన్నారు. ప్రచారంతో అయిన అనుభవం గుర్తుంది గనక వద్దన్నాం. బదులుగా ఆ కోర్టులోనే ప్రాక్టీసు చేసే సీనియర్ మహిళా న్యాయవాదులు వంతులవారీగా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. నోట్సు రాసుకుంటారు, మాట్లాడరు. వాయిదాలు తగ్గాయి. ఇది వాళ్ల వల్లే అని నేను రాయను, అదే సమయంలో జడ్జి కూడా మారారు.

నాలుగోది బృందమే కనిపెట్టింది. నివేదిక ప్రచురించే ముందు దాన్ని ఎన్నికల అధికారులకు పంపి, జవాబుకు గడువిస్తారు. జవాబొస్తే నివేదికలోనే అచ్చువేస్తారు. రాకపోతే రాలేదని రాస్తారు. చివర తప్పొప్పుల పట్టిక ఉంటుంది. పరువు నష్టం కేసులో సదుద్దేశం నిరూపించుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. మొదటిసారి పంపినప్పుడే అధికారులు కొన్ని పేర్లు పొరపాటుగా పోయాయని ఒప్పుకుని తిరిగి చేర్చారు. కొన్నిచోట్ల బృందం లెక్కే సరికాదని చూపించారు, అదీ అచ్చయింది. కింది స్థాయి ఉద్యోగుల్లో ఒకరిద్దరు ఇప్పుడు ఫోన్ ఎత్తుతున్నారు.

ఎక్కడ నిలిచింది

ప్రశాంతంగా ఉందని చెప్పలేను. కేసుల్లో కొన్ని కొట్టేశారు, కొన్ని నడుస్తున్నాయి. మానేసిన వలంటీర్లలో ఇద్దరు తిరిగి రాలేదు. భర్తను వేరే బ్రాంచికి మార్చారు, ఆదాయం తగ్గింది. మరిది ఇప్పటికీ మాట్లాడడు. బృందంలో నిర్ణయాలు నెమ్మదించాయి. మునుపు ఆమె ఒక్క ఫోన్‌తో తేల్చేసేవాటికి ఇప్పుడు మీటింగు పెట్టాలి. ఆమె దాన్ని భరిస్తున్నారు, ఇష్టపడుతున్నారని అనను.

ఈ కేసు వాడుకోవాలనుకునే తోటివాళ్లకు ముఖ్యంగా చెప్పవలసింది ఒకటుంది. భారం పంచితే ప్రమాదమూ పంచుకుంటారు. వంతులో రెండోసారి మాట్లాడిన యువతికి ఆ సాయంత్రమే తండ్రి షాపుకు మనుషులు వెళ్లారు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పిపెట్టే పని ఆమె విషయంలోనూ చేశాం గనక తండ్రికి ముందే తెలుసు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి పేర్లు అడిగాడు. ఆ సంఘటన తర్వాత బృందం ఒక నియమం పెట్టుకుంది. మొదటి సంతకానికి ముందు ప్రతి ఒక్కరూ ఆ కాగితం నింపాలి: ఒత్తిడి వస్తే ఎవరికి వస్తుంది, వాళ్లకు ఇప్పటికే ఏం తెలుసు, ఎవరు చెప్తారు. నింపాక వద్దనిపిస్తే వద్దనవచ్చు. ఒకావిడ అలాగే వద్దన్నారు, తన ఇంట్లో చెప్పే పరిస్థితి లేదని. ఆవిడ పేరు ఎక్కడా రాదు, డేటా శుభ్రం చేసే పని ఆవిడది. బృందంలో అందరికంటే తప్పులు తక్కువ చేసేది ఆవిడే. పేరు పెట్టనివాళ్లను పిరికివాళ్లుగా చూసే అలవాటు ఉద్యమాల్లో ఉంది. దాన్ని మొదట్లోనే తుంచకపోతే భారం పంచడం కాస్తా బలవంతం అవుతుంది.

ఇటీవల ఒక అంతర్జాతీయ పురస్కారం కోసం ఆమె పేరు సూచిస్తామని కబురొచ్చింది. ఫొటో, జీవితకథ పంపమన్నారు. డబ్బు పెద్దదే, బృందానికి రెండేళ్లు గడుస్తుంది. మీటింగులో దీని మీద చాలాసేపు వాదన జరిగింది. తీసుకోవాలన్నవాళ్లు డబ్బు సంగతి చెప్పారు, ఒక ఆడమనిషి కష్టానికి గుర్తింపు వస్తుంటే అడ్డుపడడం ఏమిటన్నారు. వద్దన్నవాళ్లు విదేశీ ఏజెంటు ప్రచారం గుర్తుచేశారు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. చివరికి బృందం పేరు మీద ఇస్తే తీసుకుంటామని, ప్రకటన ఎన్నికల తర్వాత చేయాలని జవాబు రాశారు. వ్యక్తులకే ఇచ్చే నియమం ఉందని అవతలివాళ్లు అన్నారు. అయితే వద్దని ఆమే ఫోన్ చేసి చెప్పారు. ఆ నెల చెక్కుల మీద సంతకాల వంతు ఆమెది కాదు గనక, డబ్బు సర్దుబాటు ఎలాగన్న చింత మిగతా ఇద్దరికి వదిలేసి వాంగ్మూలం రాయడానికి వెళ్లిపోయారు.